మేబెల్ టీచరమ్మ పెట్టిన కూడిక

మా మేడ మీది వాటాలో అద్దెకుండే మేబెల్ టీచరమ్మకు సీరియల్ చూడటం పాపమని గట్టి నమ్మకం. అందుకే తన ఇంట్లో టీవీ పెట్టుకోలేదు. రోజూ సాయంత్రం మా హాల్లోకి దిగి వచ్చి మా టీవీలో చూసేది. పాపం టీవీ కొన్నవాళ్లకే అంటుతుందని ఆవిడ ధైర్యం కాబోలు. నేనేమీ అనేదాన్ని కాదు. సీరియళ్లను తిట్టుకుంటూ ఒక్కటీ వదలకుండా చూసే రకాన్ని, ఇంకొకరిని అనే మొహం నాకెక్కడిది?

ఇది తెలంగాణ, ఆంధ్ర ఇంకా ఒకే రాష్ట్రంగా ఉన్న రోజుల మాట. పద్మారావు నగర్‌లో మా ఇల్లు మా మామగారు కట్టించింది. స్టేషన్‌కు దగ్గర కాబట్టి పైవాటాకు ఎప్పుడూ రైల్వేవాళ్లే వచ్చేవాళ్లు. మేబెల్ భర్త రిచర్డ్ గారు ప్యాసింజర్ బండి డ్రైవరు. ఇద్దరిదీ భీమవరం వైపు. ఆవిడ ఇక్కడి మిషన్ బడిలో నాలుగో తరగతికి చెప్పేది. మనిషి సన్నగా, నిటారుగా, గంజి పెట్టిన నేత చీరలో బెత్తంలా ఉండేది. మోండా మార్కెట్‌లో వంకాయలు ఏరుతున్నా పిల్లలకు మార్కులు వేస్తున్నట్టే ఉండేది, ఇది పాసు, ఇది ఫెయిలు అని. మా చిన్నోడికి ఎక్కాలు వచ్చాయంటే ఆవిడ చలవే. చెప్పినందుకు కాదు, ఆ చూపుకు భయపడి వచ్చాయి. వాళ్లకు పిల్లలు లేరు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "బడి నిండా ఉన్నారుగా అక్కా" అనేది, నవ్వకుండా.

రిచర్డ్ గారు ఆవిడకు పూర్తిగా తిరగేసిన మనిషి. డ్యూటీ దిగి వస్తూ వీధి మొదట్లోనే పాట ఎత్తుకునేవాడు. గొంతు బాగుండేది కాదు, గట్టిగా ఉండేది. అది వినపడగానే మేబెల్ పొయ్యి మీద టీ గిన్నె పెట్టేది. నాకు తెలిసినంతవరకు వాళ్ల కాపురంలో ప్రేమంటే అదే. మా ఆయన పదిసార్లు పిలిచినా నేను టీ పెట్టను, అది వేరే సంగతి.

ఒక వానాకాలం ఆ పాట ఆగిపోయింది. ఊరు దాటాక ఒక వంపు తిరగగానే పట్టాల మీద ఒక అమ్మాయి నిలబడి ఉందట. ఈయన హారన్ కొట్టాడు, బ్రేకు వేశాడు. వేసిన చోట ఆగడానికి అదేమన్నా ఆటోనా? తప్పు ఆయనది కాదని ఆఫీసువాళ్లు అన్నారు, పోలీసులూ అన్నారు. తోటి డ్రైవర్లు వచ్చి, ఈ ఉద్యోగంలో ఎవరికైనా ఒకసారి తప్పదు, మనసులో పెట్టుకోకు అని చెప్పి టీ తాగి పోయారు. ఆయన పెట్టుకున్నాడు. మళ్లీ డ్యూటీ ఎక్కిన కొద్ది రోజులకే, అదే వంపు దగ్గర, పట్టాల మీద ఎవరూ లేకుండానే బండి ఆపేశాడు. ఎంత చెప్పినా కదిలించలేదట. అప్పటి నుంచి సెలవు మీద ఇంట్లో కూర్చున్నాడు.

కూర్చోవడమంటే నిజంగానే కూర్చోవడం. కిటికీ పక్కన మంచం అంచున, చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. గడ్డం పెరిగింది. పలకరిస్తే తల ఊపేవాడు.

ఒకనాడు నేను బట్టలు ఆరేయడానికి డాబా మీదకు పోతే దండెం లేదు. మేబెల్ తన తడి చీరలు పిట్టగోడ మీద పరుస్తోంది. నాకు ఒళ్లు మండింది.

"ఏందమ్మా టీచరమ్మా, దండెం ఎందుకు ఇప్పినవ్? నా బట్టలు ఏడ ఆరెయ్యాలె?"

ఆవిడ పక్కకు వచ్చి, బడిలో పక్క తరగతికి వినపడకుండా మాట్లాడినట్టు మెల్లగా చెప్పింది. "ఆయన పొద్దున ఒక మాటన్నారక్కా. ఆ పిల్ల నిలబడ్డ చోట నిలబడితే ఎలా ఉంటుందో చూడాలని ఉందన్నారు. తాళ్లన్నీ తీసేశాను. లోపలి గడియలు కూడా ఊడబీకించాను. నేను బడికి వెళ్లినప్పుడు కాస్త కనిపెట్టుకుని ఉంటారా?"

నా కోపం ఎటు పోయిందో పోయింది. ఆ రోజు నుంచి పొద్దంతా నేను మెట్ల మీదే. బియ్యంలో రాళ్లు ఏరడం, కూర తరగడం, పేపరు చదవడం అన్నీ అక్కడే. ఆయన కిందికి దిగాలంటే నన్ను దాటాలి. నన్ను దాటడం మా ఇంట్లో ఎవరికీ చేతకాలేదు ఇంతవరకు.

సరిగ్గా అప్పుడే మేం చూసే సీరియల్లో సుగుణ అనే కోడలికి మాట పడిపోయింది. అత్త ఏదో చేసింది, ఏం చేసిందో ఇప్పుడు గుర్తు లేదు, సీరియల్లో అత్తలు ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. సుగుణను ఒక పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. తెల్ల కోటు, బంగారు రంగు ఫ్రేము కళ్లద్దాలు, వెనకాల గాజు తొట్టిలో చేపలు. పిల్లను పడక కుర్చీలో పడుకోబెట్టి, లైటు తగ్గించి, "భయపడకమ్మా, లోపల దాచుకున్నది బయటపెట్టు, చెప్పేస్తే భారం దిగిపోతుంది" అనేవాడు. సుగుణ పెదాలు వణికేవి. వీణ మోగేది. సబ్బు ప్రకటన వచ్చేది. అలా సాగదీసి సాగదీసి, ఒక సాయంత్రం సుగుణ కేక పెట్టి, జరిగిందంతా గడగడా చెప్పేసి, సొమ్మసిల్లి పడి, లేచి, "అమ్మా, ఆకలేస్తోంది" అంది.

"ఛీ, పాడు సీరియలు! ఒక్కపారికే గట్లెట్ల మంచిగైతది?" అన్నాను నేను.

తిరిగి చూస్తే మేబెల్ చెంపల మీద నీళ్లు. ఇన్నేళ్లలో ఆవిడ ఏడవడం నేను చూడలేదు.

"ఆకలేస్తోందంది అక్కా," అంది. "విన్నారా? ఆకలేస్తోందంది."

అప్పటికే ఆయన్ను ఒక డాక్టరుకు చూపిస్తోంది, దొంగతనంగా. మా దగ్గర ఆ జబ్బు పేరెత్తితే చాలు, ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకు తీస్కపోతున్రా అని నవ్వుతారు. అందుకని బడిలో గ్యాస్ ట్రబులని చెప్పింది. ఆ డాక్టరు నిద్ర పడుతోందా, ఆకలవుతోందా, చావాలనిపిస్తోందా అని హాజరు పిలిచినట్టు అడిగి మాత్రలు రాశాడు. చేపలూ లేవు, పడక కుర్చీ లేదు. మాట్లాడించేవాళ్లు లేరా అని మేబెల్ గట్టిగా అడిగితే, శనివారాలు ఒకావిడ వస్తుందని చెప్పాడు. శనివారం తీసుకుపోయింది. ఆ కౌన్సెలింగ్ ఆవిడ తలుపు వేసుకుని ఈయనతో కూర్చుంది. ఈయన ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాడు. అయిపోయాక ఆవిడ బయటికి వచ్చి, మాట్లాడకపోయినా ఫరవాలేదు, వచ్చి కూర్చోనివ్వండి, నెలలు పట్టొచ్చు, మాత్రలు మాత్రం ఆపకండి అందట.

"నెలలట అక్కా," అంది మేబెల్, మెట్ల మీద నా పక్కన కూలబడి. "ఆయన దగ్గర నెలలున్నాయని ఆవిడకెవరు చెప్పారు?"

"పరేషాన్ గాకు. డాక్టర్లు గట్లనే అంటరు."

"మీరు చూశారుగా. సరిగ్గా అడిగేవాళ్లుంటే ఎవరైనా చెప్తారు. అడగడం చేతకాక నెలలంటోంది."

అడగడం తనకు చేతనవుననుకుంది. మా మామగారి పడక కుర్చీ అటక మీద ఉంటే అడిగి పట్టుకుపోయి, గుడ్డ మార్చి, కిటికీ దగ్గర వేసింది. తలుపు తీసే ఉంది, నేను మెట్ల మీదనుంచి చూస్తూనే ఉన్నాను. ఆయన్ను అందులో పడుకోబెట్టి, కర్టెన్లు లాగి, "కళ్లు మూసుకోండి. లోపల ఉన్నది బయటపెట్టండి" అంది. ఆ సీరియల్ డాక్టరు గొంతు పెట్టాలని ఎంత ప్రయత్నించినా నాలుగో తరగతి గొంతే వచ్చింది. ఆయన చాలాసేపటికి, "పాఠం అప్పజెప్పమన్నట్టు అడుగుతున్నావు మేబెల్. నాకు రావట్లేదు" అన్నాడు. ఆ మాటలో ఎకసెక్కం లేదు. పాపం, నిజంగానే రావట్లేదని చెప్పాడు. మేబెల్ వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి వదిలేసింది, ఏడుపు వినపడకుండా.

ఆ తర్వాత వచ్చింది ఆవిడకు కూడిక ఆలోచన.

శుక్రవారం సాయంత్రాలు వాళ్ల చర్చివాళ్లు ఒక్కోసారి ఒక్కో ఇంట్లో కూడిక పెట్టుకుంటారు. పాటలు, ప్రార్థన, ఆ తర్వాత సాక్ష్యం. సాక్ష్యమంటే ఎవరో ఒకరు లేచి, తనకు వచ్చిన కష్టం, దేవుడు దాన్నుంచి ఎలా గట్టెక్కించాడో చెప్పడం. చెప్పేవాళ్లు కాస్త ఆగినప్పుడల్లా వినేవాళ్లు "స్తోత్రం" అంటారు. మనం కథ వింటూ ఊ కొడతామే, అలాగన్నమాట. కింద నుంచి వింటుంటే నాకు బాగానే ఉండేది.

"చెప్పేస్తే దిగిపోతుందక్కా," అంది మేబెల్. "నేనడిగితే రాలేదు. పాస్టరు గారు అడిగితే, మావాళ్లందరి మధ్య, తప్పకుండా వస్తుంది."

"జెర ఆలోచించు టీచరమ్మా. పదిమందిల చెప్పుడంటే..."

"ఆలోచించడానికి నాకు టైమెక్కడుందక్కా!" అని కసిరింది. మేబెల్ నన్ను కసరడం కూడా అదే మొదలు.

ఆయన ఎలా ఒప్పుకున్నాడంటే, కాళ్లు పట్టుకుందట.

శుక్రవారం వచ్చింది. చాపల మీద జనం కిక్కిరిసి కూర్చున్నారు. ముందు వరసలో పాస్టరు దేవసహాయం గారు, ఆయన పక్కన రిటైరైన నర్సు రోసమ్మగారు. మధ్యలో మా మామగారి పడక కుర్చీ. ట్యూబులైటు ఆర్పేసి మేబెల్ తన టేబులు లైటు వెలిగించింది. నేను గడప బయట నిలబడ్డాను. పాటలయ్యాయి. పాస్టరు గారు మెత్తగా, "చెప్పు నాయనా రిచర్డ్" అన్నారు. ఆయన కుర్చీలో వెనక్కి వాలలేదు. అంచున కూర్చున్నాడు, ఇంజన్లో కూర్చున్నట్టు.

"ఆ రోజు వాన పడుతోంది," అన్నాడు.

మేబెల్ ముఖం వెలిగింది. ఇన్నాళ్లకు నోరు విప్పాడు.

"స్తోత్రం," అన్నారు అందరూ.

"వంపు తిరగ్గానే కనపడింది. పసుపు రంగు డ్రెస్సు."

"స్తోత్రం."

"హారన్ కొట్టాను. ఆపకుండా కొట్టాను. తప్పుకోలేదు."

"స్తోత్రం," అన్నారు. రోసమ్మగారు కళ్లు మూసుకుని, చెయ్యెత్తి, అందరికంటే గట్టిగా అంది.

వాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. ఇన్నేళ్లుగా విన్న ప్రతి సాక్ష్యమూ చివరికి గట్టెక్కింది. ఇదీ గట్టెక్కుతుందని ముందుగానే స్తోత్రం చెబుతున్నారు, అంతే.

"నా వైపు చూసింది," అన్నాడు రిచర్డ్ గారు. "బండి ఆగేసరికి చాలా దూరం వెళ్లిపోయింది. దిగి వెనక్కి నడిచాను."

"స్తోత్రం, స్తోత్రం."

ఆయన ఆగాడు. అందరి ముఖాల వంకా ఒక్కొక్కటిగా చూశాడు, ఎవరో ఏదో అనాలని ఎదురు చూస్తున్నట్టు. పాస్టరు గారు ముందుకు వంగి, "అప్పుడు ప్రభువు నీతో ఏం మాట్లాడాడు నాయనా?" అన్నారు.

"ఏం మాట్లాడలేదండీ," అన్నాడు. లేచి లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. గడియ లేదు కాబట్టి సరిపోయింది. ఎవరో గబగబా పాట ఎత్తుకున్నారు.

ఆ తర్వాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ. ఆయన ముద్ద ముట్టడం మానేశాడు. మాత్రలన్నీ దిండు కింద దొరికాయి. శనివారం ఆ కౌన్సెలింగ్ ఆవిడ దగ్గరికి పోదాం లెమ్మంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు. జ్వరమొచ్చినా బడి మానని మేబెల్ బడి మానేసింది. పడుకునేటప్పుడు తన కొంగు ఆయన చేతికి కట్టుకునేది. గంజి చీరలు పోయాయి, తల దువ్వుకోవడం పోయింది. సాయంత్రం మా టీవీ మోగుతున్నా కిందికి దిగేది కాదు. ఒకసారి నా చెయ్యి పట్టుకుని, "నేనే చంపుకుంటున్నానక్కా. నా చేతులతో నేనే" అంది.

ఒక మధ్యాహ్నం మేబెల్ డాబా మీద ఒంటరిగా నిలబడి ఉంటే భయపడి పరుగెత్తుకు వెళ్లాను.

"ఏమైంది? ఏమన్న అన్నడా?"

"అన్నారు." ఆవిడ నా వంక చూడలేదు. "ఒక పిల్ల చచ్చిపోయిందని చెప్పాను మేబెల్, ఒక్కరూ అయ్యో అనలేదు, నువ్వు కూడా అనలేదు, అన్నారు."

నేను పక్కన పిట్టగోడకు ఆనుకున్నాను.

"నిజమే కదక్కా. ఈయన బతకాలి, ఈయన మాట్లాడాలి, ఇదే గోల నాకు. ఆ పిల్ల ఒక మనిషని నాకు తోచనే లేదు. దయ్యం పట్టినట్టు ఆయన్ను పట్టుకుందని తిట్టుకున్నాను కూడా. ఎవరికి పుట్టిందో, ఏం కష్టమొచ్చిందో..." మాట పూర్తి చేయకుండా కిందికి దిగిపోయింది.

మళ్లీ శుక్రవారం వచ్చింది. కూడిక ఇంకెవరి ఇంట్లోనో ఉండాల్సింది. మేబెల్ కబురు పెట్టి మా ఇంటికే రమ్మంది. బైబిళ్లు పట్టుకుని అందరూ మెట్లెక్కారు. ఆవిడ తెల్ల చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. గదిలో కుర్చీలు, మంచం తీసేసి నేల మీద చాపలు పరిచింది.

"ఈ రోజు మామూలు కూడిక కాదు అయ్యగారూ," అంది పాస్టరు గారితో. "ఆదరణ కూడిక చెయ్యండి."

ఆదరణ కూడిక వాళ్లలో చావు జరిగిన ఇంట్లో పెట్టుకునే ప్రార్థన. ఆ మాట వినగానే అందరి కళ్లూ ఆవిడ భుజం మీదుగా లోపలి గది తలుపు మీద పడ్డాయి.

"ఎవరమ్మా?" అన్నారు దేవసహాయం గారు.

"పేరు తెలీదండీ. ఆడపిల్ల. పసుపు రంగు డ్రెస్సు వేసుకుంది."

పాస్టరు గారు ఇబ్బందిగా గొంతు సవరించుకున్నారు. "అమ్మా మేబెల్, నీ బాధ నాకు అర్థమైంది. కానీ ఆ అమ్మాయి ఎవరో, ఎక్కడిదో. పైగా తనంతట తానే ప్రాణం... అలాంటివాళ్లకు మనం ఆదరణ కూడిక..."

"ఆదరణ పోయినవాళ్లకు కాదు కదండీ, ఉన్నవాళ్లకు కదా," అంది మేబెల్. బతిమాలుతున్నట్టు లేదు, తరగతిలో చెప్పినట్టే ఉంది. "చావు జరిగిన ఇల్లు ఇదే అయ్యగారూ. ఇన్నాళ్లూ నేనే గుర్తుపట్టలేదు."

పాస్టరు గారు ఇంకా గుమ్మంలోనే ఉన్నారు. రోసమ్మగారు ఆయన్ను పక్కకు జరిపి, చెప్పులు విడిచి, మోకాళ్ల నొప్పులతో మూలుగుతూ చాప మీద కూర్చుంది. లోపలి గది వైపు తిరిగి గట్టిగా అడిగింది.

"నాయనా రిచర్డ్! తల్లి ఉందా ఆ పిల్లకి?"

ఎంతసేపయిందో నాకు తెలియదు, తలుపు మెల్లగా తెరుచుకుంది. రిచర్డ్ గారు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. మనిషి సగమైపోయాడు.

"తెలీదండీ రోసమ్మగారూ," అన్నాడు. "నేను పోలీసులను అడగలేదు. తల్లి వచ్చిందని చెప్తే ఆవిడ ముఖం చూడాల్సి వస్తుందని భయమేసింది."

"అయ్యో నాయనా," అంది రోసమ్మగారు. "అయ్యో, ఎవరు కన్న బిడ్డో."

ఆయన గడప మీదే కూలబడ్డాడు. పెద్ద గొంతు కదా, ఆ ఏడుపు ఇల్లంతా కదిలించింది. దేవసహాయం గారు బైబిలు మూసి లోపలికి వచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చున్నారు. ప్రార్థన మొదలు పెట్టలేదు, ఎవరూ పాట ఎత్తలేదు. మేబెల్ మొగుడి దగ్గరికి పోలేదు. చాప మీద కూర్చుని, రెండు చేతులతో ముఖం కప్పుకుని, "ఎందుకమ్మా, ఎందుకు తల్లీ" అని ఏడ్చింది.

ఆ ఏడుపులు విని కింద వీధిలో జనం పోగయ్యారు. నేను కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగాను. ఎదురింటి పుష్పమ్మ గాబరాగా ఎదురొచ్చి, "ఎవరు పోయిన్రు విమలక్కా?" అని అడిగింది.

"మా ఇంటి పిల్లనే," అన్నాను.